మిషన్ వెనక మీట

జూన్ 3

బాబాయ్,

ఈ రోజు పొద్దున మిషన్ నీ గొంతుతో మూలిగింది.

నేను నిద్రమత్తులో లేను. రెండు చేతులతో కెమెరా గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాను. మా శిక్షణ గదిలో బల్ల మీద ఒక ప్లాస్టిక్ మనిషి ఉంటాడు. మనిషి అంటే నడుము నుంచి తొడల దాకానే. తల లేదు, పాదాలు లేవు. ఒక పక్కకి తిరిగి పడుకుని ఉంటాడు. వెనక నుంచి గొట్టం తోస్తే, ఎదురుగా తెర మీద పెద్దపేగు లోపలి దారి కనిపిస్తుంది. అది కంప్యూటర్ గీసిన బొమ్మే అయినా వంపుల దగ్గర చేతికి నిజమైన బిగుతు తగులుతుంది. మొండిగా తోస్తే పేగు సాగిందని లెక్క. అప్పుడు రోగి మూలుగుతాడు. నిన్నటిదాకా ఆ మూలుగు ఎవరో పరభాషా మనిషిది, ఆవలింతలా ఉండేది. నిన్న సాయంత్రం కంపెనీ వాళ్లు వచ్చి కొత్త గొంతు పెట్టి వెళ్లారట.

నాకేం తెలుసు? మొదటి వంపు దగ్గర ఎప్పటిలాగే తోశాను. "అబ్బా... కాస్త చూసి, నాయనా" అన్నావు. ఆ "నాయనా" దగ్గర గొంతు కిందికి జారి మళ్లీ లేచే తీరు నీకు తప్ప ఎవరికీ లేదు. గొట్టం చేతిలోంచి జారిపోయింది. పక్కనున్న రాకెట్ "ఏమైంది, దెయ్యాన్ని చూశావా?" అన్నాడు. రాకెట్ అంటే నాతోపాటు చేరిన కుర్ర డాక్టరు. ఏ పనైనా అందరికన్నా ముందు ముగించేస్తాడని ఆ పేరు. "దెయ్యం కాదు, మా బాబాయ్" అన్నాను. పాపం, నాకు సెలవు కావాలేమో అన్నట్టు చూశాడు.

ఎప్పుడు చేశావు ఈ పని? నాకొక మాటైనా చెప్పకుండా?

ఈ నెలాఖరుకి మాకు ఆ మిషన్ మీద పరీక్ష. నెగ్గినవాళ్లనే అసలు రోగుల గదిలోకి రానిస్తారు. మా వరండా చివర ఉంది ఆ గది. చేరినప్పటి నుంచి దాని తలుపు ముందు నుంచే నడుస్తున్నాను, లోపల మాత్రం అడుగు పెట్టలేదు. నాన్న పేగులో కణితి దొరికిన రోజు నుంచి నేను కోరుకుంటున్నది ఆ తలుపు అవతల నిలబడటమే.

అన్నట్టు, అన్నకి వచ్చింది కాబట్టి తమ్ముడు కూడా చూపించుకోవాలని నాన్న డాక్టరు చెప్పి ఎన్నాళ్లయింది? గొంతు పంపించావు సరే, మనిషివి ఎప్పుడు వస్తావు?

నీ మూలుగుకి గొట్టం జార్చుకున్న,
కందిరీగ


జూన్ 9

కందిరీగకి,

నీ ఉత్తరం మీ పిన్నికి చదివి వినిపించడం నేను చేసిన పొరపాటు. ఇంకా నవ్వుతూనే ఉంది. బట్టలు మడత పెడుతూ మధ్యలో ఆగి, నా వైపు చూసి, దుప్పటిలో మొహం దాచుకుంటోంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఫోన్ చేసి తిట్టొచ్చు. కానీ ఫోన్‌లో నువ్వు మధ్యలో అడ్డం పడతావు. కాగితం అడ్డం పడదు.

జరిగింది విను. చలికాలంలో ఒక స్టూడియో వాళ్లు పిలిచారు. గోడలకి స్పాంజి అతికించిన చిన్న గది. అద్దం అవతల ఒక కుర్రాడు. నా చేతికి కాగితం ఇచ్చాడు. కొంచెం నొప్పి, మధ్యరకం నొప్పి, ఎక్కువ నొప్పి, ఓర్చుకోలేని నొప్పి అని రాసి ఉంది. ఎక్కడ నొప్పి అని అడిగాను. "ఏదో వైద్య పరికరం సార్, నొప్పి అయితే చాలు" అన్నాడు. నొప్పి అయితే చాలట. నొప్పికి ఒక చోటు ఉండాలి. చోటు లేకపోతే అది నటన కాదు, రొద. అందుకని నా అంతట నేనే ఒక చోటు అనుకున్నాను. కింది దవడ, కుడివైపు, చివరి పన్ను. ఎదురుగా పంటి డాక్టరు పట్టకారు పట్టుకుని నిలబడ్డాడు. అలా అనుకుని ప్రాణం పెట్టి చేశాను. కుర్రాడికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నువ్వేమో ఇప్పుడు రాస్తున్నావు, నా పంటి నొప్పి ఎక్కడి నుంచి వినిపిస్తోందో. జీవితమంతా నాటకాల్లో రాజులకీ సేనాపతులకీ ఇచ్చిన గొంతు ఇది. నేను అరిస్తే ఆఖరి వరసలో పిల్లలు నిద్ర లేచేవాళ్లు. ఆ గొంతుని తీసుకెళ్లి, తల కూడా లేని మనిషికి, చెప్పుకోలేని చోట పెట్టారు. కనీసం ఒక మాట అడగొద్దా?

ఇక నా సంగతి. నాకేమీ లేదు. రాయిలా ఉన్నాను. రాయికి కెమెరా పరీక్షలు చేయరు.

అవమానంతో,
మీ బాబాయ్


జూన్ 16

బాబాయ్,

నీకు కోపం తెప్పించే సంగతి ఇంకొకటి ఉంది. నేనొక్కదాన్నే మండిపోవడం న్యాయం కాదు, నువ్వు కూడా కాస్త మండు.

నీ నోరు నొక్కేస్తున్నారు.

మిషన్ వెనకవైపు, నేలకి దగ్గరగా, ఒక చిన్న నల్లటి మీట ఉంది. దాన్ని కిందికి నొక్కితే చప్పుడు ఆగిపోతుంది. దాన్ని కనిపెట్టింది రాకెట్. బల్ల దగ్గరికి వచ్చి నిలబడుతూనే కుడిచెయ్యి వెనక్కి పోనిచ్చి, చూడకుండానే నొక్కేస్తాడు. వాణ్ణి చూసి అందరూ మొదలుపెట్టారు. ఎందుకంటే పరీక్షలో మార్కులు రెండింటికే. పేగు చివరికి ఎంత త్వరగా చేరావు, గోడకి ఎన్నిసార్లు గుద్దావు. రోగి మూలిగాడా లేదా అన్నది మిషన్ లెక్క కడుతుంది కానీ, మా ప్రొఫెసర్ గారు ఆ లెక్క చూడరు. చూడని దాన్ని వినడం ఎందుకని వీళ్ల వాదన.

నేను నొక్కను. రోగికి మీట ఉండదు కదా. కానీ బాబాయ్, నిజం చెబుతున్నాను, నువ్వు మూలిగితే నా చెయ్యి ఆగిపోతోంది. తోయలేకపోతున్నాను. నేను ఆగిన చోటే గడియారం పరుగెడుతోంది. మొన్న నమూనా పరీక్ష పెట్టారు. అందరికన్నా వెనక నేనే. "మీ బాబాయ్‌ని ఇంటికి పంపించెయ్, నెగ్గుతావు" అన్నాడు రాకెట్. వాడు చెడ్డవాడు కాదు. అదే ఇంకా కోపం తెప్పిస్తుంది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

ఇంకో మాట. నీ మూలుగులన్నీ ఒకటి కావని వినగా వినగా తెలిసింది. ఒకటి గొణుగుడు, బస్సులో పక్కవాడు ఆనుకున్నప్పటిది. ఒకటి అసలైన మూలుగు. ఇంకోటి, ఊపిరి బిగబట్టి మాట మధ్యలో ఆగిపోవడం. అన్నిటికన్నా భయం వేసేది అదే. మా పుస్తకంలో వీటన్నిటికీ కలిపి "అసౌకర్యం" అని ఒకటే మాట రాశారు. చెప్పు కరిస్తే అసౌకర్యం. రాసినాయన ఎప్పుడైనా ఆ బల్ల మీద పడుకున్నాడా అని అడగాలనిపిస్తుంది.

పరీక్ష ఈ ముప్పైన.

చెయ్యి రాని,
కందిరీగ


జూన్ 20

కందిరీగకి,

నొక్కేశారా. నా గొంతుని. నేలకి దగ్గరగా ఉన్న మీటతో.

నువ్వు రాసిందంతా చదివి వీధి చివరిదాకా నడిచి వచ్చాను. మొదట అనుకున్నాను, నా నటన బాగోలేదేమో, అందుకే ఆపేస్తున్నారేమోనని. పంటి నొప్పి అని పట్టేసుంటారని కూడా అనుమానం వచ్చింది. పిన్ని అంది, "బాగుంది కాబట్టే ఆపుతున్నారు, బాగోకపోతే నవ్వుకుంటూ వినేవాళ్లు" అని. ఆవిడ నన్ను మెచ్చుకోవడం చాలా అరుదు కాబట్టి నమ్ముతున్నాను.

కానీ నన్ను కదిలించింది ఆ మీట కాదు. నా మూలుగు నీ చెయ్యి ఆపేస్తోందని రాశావే, ఆ మాట. నా వల్ల నువ్వు అందరికన్నా వెనక నిలబడటం ఏమిటి? చిన్నప్పుడు మెట్లు ఎక్కడం నేర్పింది నేను. ఇప్పుడు నేనే మెట్టు మీద అడ్డంగా కూర్చున్నానన్నమాట.

నేను చేయాల్సింది చేశాను. ఏమిటని అడక్కు. రెండు మూడు రోజుల్లో నీకే తెలుస్తుంది. నీ పరీక్ష నువ్వు హాయిగా రాసుకో. రాసుకోవడం కాదు, తోసుకో.

అడ్డు తప్పుకుంటున్న,
మీ బాబాయ్


జూన్ 26

బాబాయ్,

ఎవరు చెయ్యమన్నారు నిన్ను?

ఈ పొద్దున మిషన్ దగ్గరికి వెళ్లాను. వంపు దగ్గర తోశాను. "టింగ్" అంది. లిఫ్టు వచ్చి ఆగినప్పటి చప్పుడు. మళ్లీ తోశాను. మళ్లీ టింగ్. కంపెనీ కుర్రాణ్ణి అడిగితే, గొంతు ఇచ్చిన కళాకారుడు తన గొంతు వాడొద్దని గట్టిగా రాశాడు, తీసేశాం అన్నాడు. "చాలా కోపంగా రాశారండీ, పెద్ద పెద్ద మాటలు" అని కూడా అన్నాడు. ఏ మాటలో నేను ఊహించగలను.

నువ్వు ఏం పోగొట్టావో తెలుసా? నీకు ఆ ఉత్తరం రాసిన మర్నాటి నుంచి రోజూ సాయంత్రం అందరూ వెళ్లాక ఆ గదిలో ఉన్నాను, నువ్వూ నేనూ. నువ్వు మూలిగిన చోట తోయడం మానేసి, గొట్టాన్ని కాస్త వెనక్కి లాగి చూశాను. మూలుగు గొణుగుడైంది. మణికట్టు తిప్పాను. గొణుగుడు కూడా ఆగింది. పేగులో గొట్టం మెలిక పడితేనే పేగు సాగి నొప్పి పుడుతుందట. మెలిక విడిపోతే గొట్టం దానంతట అదే ముందుకి జారుతుంది. నేను తోయలేదు బాబాయ్, అదే వెళ్లింది. పుస్తకంలో ఈ ముక్క ఉంది. చదివాను, గీత కూడా గీశాను. కానీ ఎప్పుడు లాగాలో పుస్తకం చెప్పదు. నువ్వు చెప్పావు. సోమవారం ప్రొఫెసర్ గారికి చూపించి, మీట తీసేయమని అడుగుదామనుకున్నాను.

ఇప్పుడు టింగ్. నొప్పికి చోటు ఉండాలన్నావే, ఈ టింగ్‌కి ఏ చోటు ఉంది?

చెయ్యి ఆగిపోతోందని నేను రాసింది నీ మీద ఫిర్యాదు కాదు. నువ్వు అంత తొందరపడి త్యాగాలు చేయకు. ఇది నాటకం కాదు.

చాలా కోపంగా,
నేను


జూన్ 29

నేను గారికి,

పేరు కూడా పెట్టకుండా సంతకం చేశావు. సరే, నాకూ కోపం వచ్చింది.

నీ పదహారో తారీకు ఉత్తరం మళ్లీ తీసి చదివాను. పిన్ని చేత కూడా చదివించాను. "తోయలేకపోతున్నాను" అని ఉంది. "అందరికన్నా వెనక నేనే" అని ఉంది. "చెయ్యి రాని" అని సంతకం ఉంది. ఆగడమే మంచిదని ఎక్కడ ఉంది? మూడు రకాల మూలుగుల గురించి ఒక పేరా రాసే ఓపిక ఉన్నదానికి, ఆ ఒక్క ముక్క రాయడానికి ఏమైంది? నీకు మాటలంటే ఇష్టం ఎక్కువై, చెప్పాల్సిన మాట కింద పడిపోతోంది. మీ నాన్న కూడా ఇంతే. ఆయన కడుపులో నొప్పి గురించి ఆరు నెలల పాటు వాతావరణం గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు.

అయినా కంపెనీ వాళ్లకి మళ్లీ రాశాను. గొంతు తిరిగి పెట్టండి, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. వచ్చే ఏడాది కొత్త మిషన్‌లో చూద్దాం అన్నారు. ఈసారి పేగు అని చెప్పి చేయించుకోమన్నాను.

పరీక్ష ఏమైందో వెంటనే రాయి. తిట్టాలనిపిస్తే తిట్టి, ఆ తరవాతైనా రాయి.

మీ బాబాయ్


జూలై 5

బాబాయ్,

తప్పాను.

పేగు చివరికి చేరాను. గోడకి ఒక్కసారి కూడా గుద్దలేదు. కానీ టింగ్ అన్న ప్రతిచోటా లాగి, తిప్పి, మెలిక విడిపోయేదాకా ఆగాను. గడువు దాటిపోయింది. రాకెట్ మొదటివాడిగా నెగ్గాడు. ఇంకో మూడు నెలలు నాకు ప్లాస్టిక్ మనిషే గతి. నేను ఏడవలేదు. ఏడవడానికి కూడా తీరిక లేనంత కోపంగా ఉంది, ఎందుకో చెబుతాను.

మర్నాడే రాకెట్‌ని ఆ గదిలోకి తీసుకెళ్లారు. పడుకున్నావిడ ఒక పెద్దావిడ, బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారట. నేను బయట వరండాలో ఫైళ్లు సర్దుతున్నాను. తలుపు మూసే ఉంది. అయినా వినిపించింది. ఒక్క కేక. తరవాత ప్రొఫెసర్ గారి గొంతు, "ఆపు, నాకివ్వు" అని. మిగతాది ఆయనే చేశారట. ఆవిడ బాగానే ఉన్నారు. బయటికి తీసుకొచ్చినప్పుడు పెదాలు గట్టిగా బిగించి ఉన్నారు, అంతే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రాకెట్ నవ్వుతూ మొదలుపెట్టాడు. "ఆవిడ అరవగానే నేనేం చేశానో తెలుసా? కుడిచెయ్యి వెనక్కి వెళ్లింది. మీట కోసం వెతుకుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వుతూనే ఉన్నాడు, తరవాత ఆగిపోయాడు. పళ్లెం పక్కన ఉన్న తన చెయ్యిని చూసుకున్నాడు. వాడు భోజనం పూర్తి చేయకుండా లేచి వెళ్లాడు.

నేను తిన్నగా ప్రొఫెసర్ గారి గదికి వెళ్లాను. కూర్చోమన్నా కూర్చోలేదు. అందరికీ గొంతు ఉన్న మిషన్ మీద మళ్లీ పరీక్ష పెట్టండి, మూలుగుకి కూడా మార్కులు వేయండి అన్నాను. ఆయన కోప్పడే మనిషి కాదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"గడువు ఎందుకు పెట్టానో తెలుసా? బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు నిన్నటి నుంచి ఏమీ తినలేదు."

"లోపల పడుకున్నావిడ కూడా తినలేదండీ."

"నటుడి మూలుగు విని ఎవరూ డాక్టర్లు కాలేదమ్మా."

"వినడం మానేసి కూడా ఎవరూ కాకూడదండీ."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. మిషన్ చేతికి నేర్పుతుంది, చెవికి మనుషులే నేర్పాలి అన్నారు. మరి ఆ మనుషుల దగ్గరికి నన్ను ఎందుకు రానివ్వరు అని అడిగాను. "గడువులో చేరినప్పుడు" అన్నారు. ఇలా గుండ్రంగా తిరిగే మాటకి ఏదైనా మంచి పదం ఉంటే చెప్పు, నాకు దొరకడం లేదు.

నీ మీద కోపం పోయింది. ఉన్నదంతా ఇక్కడే ఖర్చయిపోయింది.

తలుపు బయటి,
కందిరీగ


జూలై 10

కందిరీగకి,

నేను వస్తున్నాను. గొంతు కాదు, మనిషిని.

మీ ప్రొఫెసర్ గారితో ఫోన్‌లో మాట్లాడాను. ముందు నీకు చెప్పలేదని గింజుకోకు. చెబితే వద్దనేదానివి, వద్దన్నాక చేస్తే నిజంగా గొడవ అయ్యేది. నటుణ్ణని చెప్పాను, నా మూలుగు విని ఎవరూ డాక్టర్లు కాలేదన్నారట కదా అని అడిగాను. ఆయన ఇబ్బంది పడ్డారు. నేను ఇబ్బంది పెట్టడానికి ఫోన్ చేయలేదని, పరీక్ష చేయించుకోవడానికి చేశానని చెప్పాను. మా అన్నయ్య సంగతి, డాక్టరు మాట, నేను ఇన్నాళ్లూ తప్పించుకున్న తీరు, అన్నీ చెప్పాను. ఆయన చాలాసేపు తిట్టారు. మంచి మనిషే.

తరవాత నా షరతులు చెప్పాను. పూర్తి మత్తు వద్దు, కాస్త సడలింపుకి ఎంత కావాలో అంతే. గొట్టం ఆ రాకెట్ కుర్రాడే పట్టుకోవాలి. వేరేవాళ్లు చేస్తే నా పేగు చూస్తారు, ఆ పెద్దావిడ కేక విన్నాక వాడు చేస్తే నన్ను వింటాడు. ఇక మూడోది, నా తల దగ్గర నువ్వు ఉండాలి. నువ్వు ఆపమంటే వాడు ఆపాలి.

ఆయన ఒక్కొక్కటీ మళ్లీ చెప్పించుకుని రాసుకున్నారు. సొంత మనిషికి నువ్వు గొట్టం పట్టుకోకూడదు, తల దగ్గర నిలబడొచ్చు అన్నారు. తను కూడా ఆ కుర్రాడి పక్కనే చెయ్యి వేసి ఉంటానన్నారు. నీ మాట నిలుస్తుందో లేదో ఆ రోజు తేలుతుందట. నిలిస్తే నీ విషయం మళ్లీ ఆలోచిస్తారట.

రాయిలా ఉన్నానని నీకు రాశాను. రాయి ఏమీ కాదు. అన్నయ్యని ఆపరేషన్‌కి తీసుకెళ్లిన రోజు నుంచి ప్రతి కడుపునొప్పికీ పిన్నికి తెలియకుండా నాకు చెమటలు పడుతున్నాయి. నీ మీద ప్రేమతో వస్తున్నానని గొప్పలు చెప్పుకోవచ్చు. సగం అదే. మిగతా సగం, ఒక్కడినే రావడానికి నాకు ధైర్యం లేదు.

పద్దెనిమిదిన చేరుకుంటాను.

మీ బాబాయ్


జూలై 18, సాయంత్రం

బాబాయ్,

నువ్వు పై అంతస్తులో, నేను కింద. ఇద్దరి మధ్యా రెండు వరసల మెట్లే ఉన్నా, నా డ్యూటీ అయ్యేలోపు వార్డులో చూడనిచ్చే వేళ దాటిపోతుంది. అందుకే సిస్టర్ చేతికి ఈ చీటీ ఇస్తున్నాను. పేగు శుభ్రం కావడానికి ఇచ్చిన మందు సగం తాగి, మిగతాది కిటికీ దగ్గర పెట్టి దాన్నే తిడుతున్నావని చెప్పింది. అది పూర్తిగా తాగాలి. తిడుతూ తాగినా పనిచేస్తుంది.

ఇందాక రాకెట్ వచ్చాడు. ఆ పెద్దావిడ తరవాత ప్రొఫెసర్ గారి పక్కన మరి కొంతమందికి చేశాడు, అయినా మొహం పాలిపోయి ఉంది. "మీ బాబాయ్‌కి నొప్పి వేస్తే ఏమంటారు? మిషన్‌లో అన్నవేనా?" అని అడిగాడు. అవి పంటివి, వాటిని నమ్మకు అన్నాను. మరి ఎలా తెలుస్తుందని అడిగాడు. నా వైపు చూడు, నేను చెబుతాను అన్నాను. వాడు "నువ్వు ఆపమంటే ఆపేస్తాను, ఎందుకని అడగను" అన్నాడు. నేను ఇన్నాళ్లూ తిట్టుకున్న మనిషి ఆ మాట అన్నాడు. ఇప్పుడు నేను తప్పు చెప్పకూడదు.

అందుకే నీకు ఈ చీటీ. ప్రొఫెసర్ గారు రేపు నిన్ను చూడరు, నన్ను చూస్తారు. నువ్వు నన్ను గెలిపించాలని కాస్త ఎక్కువ మూలిగావో, ఆయనకి తెలిసిపోతుంది. ఆ తలుపు ఇక నాకు తెరుచుకోదు. పోనీ రాజులా పళ్లు బిగించి ఓర్చుకున్నావో, రాకెట్ తోస్తూనే ఉంటాడు, నేను చూస్తూ నిలబడతాను. అది ఇంకా ఘోరం. నీ జీవితంలో ఎప్పుడూ చేయని పని ఒకటి రేపు చేయాలి. ఏమీ చేయకూడదు. నొప్పి వేస్తే వేసినంతే, వేసిన చోటే. భయం వేస్తే అది కూడా. నీ మొహం చదవడం నాకు వదిలెయ్.

పిన్నిని ఏడున్నరకి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చోమన్నాను. నిన్ను ఏడింటికి చక్రాల బల్ల మీద కిందికి తీసుకొస్తారు. గది తలుపు దగ్గర బల్ల కాస్త కుదుపుతుంది, కంగారుపడకు. అంతకుముందే నేను చేతులు కడుక్కుని, లోపల, నీ తల వచ్చే వైపు నిలబడి ఉంటాను.

కందిరీగ